అడుగున పేరున్న మాట

నేను నల్లగొండలో ఉర్దూ మీడియంలో చదువుకునే రోజుల్లో ఇలెక్షన్ వచ్చిందంటే మొహల్లా గోడలన్నీ ఇష్తేహార్లే. చేతికి ఏ కరపత్రం వచ్చినా అబ్బా ముందు దాని అడుగున చూసేవారు. చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు, అచ్చు వేయించినవారి పేరు ఉంటే చదివేవారు. లేకపోతే పక్కన పడేసేవారు. అది అబ్బా అలవాటు అనుకున్నాను. జర్నలిస్టునయ్యాక తెలిసింది, అది కానూన్ అని. ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేరూ చిరునామా ఉండి తీరాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ చెబుతుంది.

పేరు పెట్టి మాట్లాడితే ఎంత తాకత్ ఉంటుందో 1996లో మా నల్లగొండ చూపించింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన పల్లెల గోడు ఢిల్లీకి వినపడాలని జలసాధన సమితి పిలుపుతో జనం లోక్‌సభకు నామినేషన్లు వేశారు. బరిలో నిలిచినవారు మొత్తం 480 మంది. బ్యాలెట్ కాగితం కాస్తా కితాబు అయింది. గెలిచింది సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. మిగతావాళ్లలో దాదాపు అందరి డిపాజిట్టూ పోయింది. కానీ మా నీళ్ల ముసీబత్ దేశమంతా తెలిసింది. ఆ ఏడాదే పార్లమెంటు జనరల్ అభ్యర్థుల డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. సెల్‌ఫోన్ లేని పల్లెలు చేసిన ఈ ప్రచారంలో ఒక్క అబద్ధం లేదు. ప్రతి ఒక్కరూ తన పేరు రాసి, తన పైసలు కట్టి మాట్లాడారు.

పేరు లేని మాట ఏం చేస్తుందో 2018లో చూశాం. అది అసెంబ్లీ ఇలెక్షన్ల సాలు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో అఫ్వా లేచింది. పాత నల్లగొండ జిల్లాలోని బీబీనగర్ మండలంలో ఒక బేకసూర్ మనిషిని జనం కొట్టి చంపారు. పాత మహబూబ్‌నగర్‌లోని గద్వాల, వనపర్తి జిల్లాల్లో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి వేరే దారి పట్టారు. పోలీసులు ఊరూరా తిరిగారు, జానపద కళాకారులతో పాటలు పాడించారు, నమ్మే ముందు అడగమని చెప్పారు. అక్కడ అఫ్వాకి ఎవరి జానూ పోలేదు. ఆ జూలైలో వాట్సాప్ కూడా మన దేశంలో ఒకసారి 5 చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెట్టింది.

ఇవన్నీ రాసిన నేనే మరుసటి ఏడాది గలతీ చేశాను. 2019 ఏప్రిల్ 11న లోక్‌సభ పోలింగ్. లిస్టులో పేరు లేకపోయినా ఆధార్ చూపించి ‘ఛాలెంజ్ ఓటు’ వేయొచ్చని ఒక మెసేజ్ వచ్చింది. తహ్కీక్ చేయకుండా ఖాందాన్ గ్రూపులో పెట్టాను. మహబూబ్‌నగర్‌లో ఖాలా అప్పటికి ఇల్లు మారారు. నా మెసేజ్ నమ్మి కొత్త ఇంటి దగ్గరి బూత్‌లో గంటసేపు లైన్లో నిలబడ్డారు. లిస్టులో పేరు లేదని పంపించేశారు. పేరు పాత మొహల్లా బూత్‌లో ఉందని తెలిసేసరికి పోలింగ్ అయిపోయింది. అసలు సంగతి ఏమిటంటే, లిస్టులో పేరు లేకపోతే ఓటు లేదు. ఛాలెంజ్ అంటే వచ్చిన మనిషి అసలు ఓటరేనా అని పోలింగ్ ఏజెంట్ అభ్యంతరం చెప్పడం. మన ఓటు ఇంకెవరో వేసేసి ఉంటే అడగాల్సింది టెండర్ ఓటు.

ఆ సాయంత్రం ఖాలా కోపం చేయలేదు. "యే కౌన్ బోలే బేటా?" అన్నారు, అంతే. నా దగ్గర జవాబు లేదు. రివాయత్‌కి సనద్ అడిగే ఉమ్మత్ మనది. ఎవరు ఎవరి దగ్గర విన్నారో తెలియనిదే మాట ఒప్పుకోని తాలీమ్ మనది. ఫోన్ చేతికి రాగానే అది మరిచిపోయాం.

మన పిల్లలు చాలామంది ఇప్పుడు పార్టీలకు సోషల్ మీడియా పని చేస్తున్నారు. కష్టపడి చేసే రోజీయే, తప్పు లేదు. వాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. 2013 అక్టోబర్‌లోనే ఎన్నికల కమిషన్ హిదాయత్ ఇచ్చింది. అభ్యర్థి తన ఖాతాలను అఫిడవిట్‌లో చెప్పాలి, ఇంటర్నెట్ యాడ్‌కు ముందే మంజూరీ తీసుకోవాలి, దాని ఖర్చు లెక్కలో చూపాలి. మంచి ప్రచారమంటే ఏం చేశారో, ఏం చేస్తారో తమ పేజీలో తమ పేరుతో చెప్పడం. ఎవరిదో తెలియని నంబరు నుంచి భయాన్నీ నఫ్రత్‌నీ వదలడం ప్రచారం కాదు.

మా ఖాందాన్ గ్రూపులో ఇప్పుడు ఒకటే కాయిదా. ఏది పంపినా అడుగున ఎవరు చెప్పారో రాయాలి. రాయకపోతే ఖాలాయే ముందుగా అడుగుతారు.