పల్లపు పొలాల్లో గొర్రెలు, గేదెలు కలిపి మేపేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

"ఒకే పొలంలో మేశాయి. గేదెలు బాగానే ఉన్నాయి, గొర్రెలే ఎందుకు చనిపోతున్నాయి?" డెల్టాలో, చెరువుల కింద ఆయకట్టులో రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఇది.

నిజానికి రెండింటినీ కలిపి పెంచడం లాభమే. గేదెలు పొడవాటి గడ్డిని నాలుకతో చుట్టి మేస్తాయి. అవి వదిలిన పొట్టి గడ్డిని గొర్రెలు కొరికి తింటాయి. గొర్రెలకు వచ్చే పొట్ట నట్టలు చాలావరకు పెద్ద పశువుల్లో బతకవు. అందువల్ల ముందు గేదెలను, తర్వాత గొర్రెలను వదలాలి.

కార్జపు జలగ

జలగ మాత్రం రెండింటికీ సోకుతుంది. నీరు నిలిచే చోట నత్తల్లో పెరిగి, గడ్డి ద్వారా కడుపులోకి చేరుతుంది. గేదె చిక్కి, పాలు తగ్గిస్తుంది. గొర్రె తట్టుకోలేక చనిపోతుంది.

• కాలువ గట్ల దిగువన, మడుగుల అంచున గొర్రెలను మేపరాదు.
• దవడ కింద నీరు దిగినా, కనురెప్పల లోపలి భాగం పాలిపోయినా పేడ పరీక్ష చేయించాలి.
• నట్టల మందులన్నీ జలగపై పనిచేయవు. పశువైద్యుడు సూచించిన మందునే, బరువును బట్టి, గొర్రెలకూ గేదెలకూ ఒకేసారి తాగించాలి.

దాణా తొట్టి వేరుగా ఉండాలి

గేదెల ఖనిజ లవణ మిశ్రమంలో రాగి ఉంటుంది. అది గొర్రెల కార్జంలో నెలల తరబడి పేరుకుని, ఒక్కసారిగా కామెర్లు వచ్చి, మూత్రం ఎర్రబడి జీవం చనిపోతుంది. గొర్రెలకు వాటి మిశ్రమమే విడిగా కొనాలి.

గాలికుంటు టీకా మాత్రం మందలో ఏ ఒక్కదాన్నీ వదలకుండా, గేదెలకూ గొర్రెలకూ ఒకే సమయంలో వేయించాలి.