రక్షణ పేరుతో తాళాలు

పేపర్లో తరచుగా కనిపించే వార్త ఒకటుంది. ఫలానా కాలనీలో అపార్టుమెంటుపై పోలీసుల దాడి, వ్యభిచార ముఠా గుట్టు రట్టు, నిర్వాహకురాలితో పాటు ఇద్దరు విటుల అరెస్టు. పక్కనే ఫొటోలో చున్నీలతో మొహాలు కప్పుకున్న అమ్మాయిలు. విటుల ఫొటోలు చాలాసార్లు వుండవు. ఆఖరి వాక్యం మాత్రం మారదు: 'యువతులను రెస్క్యూ హోంకు తరలించారు.' ఆ తర్వాత వాళ్ళేమయ్యారో ఎవరూ రాయరు.

ఈ 'తరలించటం' అనే మాట నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతోంది. ట్రాఫికింగ్‌కి మనం తెలుగులో వాడుతున్న మాట 'అక్రమ రవాణా'. ఎర్రచందనానికీ, రేషన్ బియ్యానికీ, గంజాయికీ, ఆడపిల్లలకీ ఒకటే మాట. అక్రమంగా రవాణా అవుతున్న సరుకు దొరికితే స్వాధీనం చేసుకుని గోడౌన్లో పెట్టి తాళం వేస్తారు. స్త్రీల విషయంలోనూ సమాజం దాదాపు ఇదే చేస్తూ వచ్చింది. నూటయాభై ఏళ్ళకు పైబడిన ఈ చరిత్రని నేను రెండు ప్రశ్నలతో చదువుతున్నాను. ఒక్కో చట్టం, ఒక్కో సంస్కరణ స్త్రీ చేతిలో ఏం పెట్టింది? ఆమె నుంచి ఏం తీసుకుంది?

1885లో లండన్‌లో డబ్ల్యూ.టి. స్టెడ్ అనే పత్రికా సంపాదకుడు ఒక పేదింటి పదమూడేళ్ళ పిల్లని అయిదు పౌన్లకి కొన్నాడు. ఆడపిల్లని కొనటం ఎంత తేలికో నిరూపించి తన పత్రికలో రాయటానికే ఆ పని చేశాడు. దేశం అట్టుడికిపోయింది. ఆడపిల్లల సమ్మతి వయసుని 13 నుంచి 16 ఏళ్ళకి పెంచుతూ ఆ యేడాదే చట్టం వచ్చింది. ఆ చట్టమే వేశ్యాగృహాల మీద దాడులు చేసే అధికారాన్ని పోలీసులకి పెంచింది. ఇళ్ళు మూయించాక అందులోని స్త్రీలు వీధిన పడ్డారు. స్టెడ్‌కి మూడు నెలల జైలుశిక్ష పడింది. ఎందుకో తెలుసా? తల్లి ఒప్పుకుంటే చాలదట, తండ్రి అనుమతి తీసుకోలేదట! అంటే పిల్ల తండ్రి సొత్తు. ఆయన్ని అడక్కుండా తీసుకెళ్ళటం నేరం.

మరి తండ్రే అమ్మితే? దీనికి జవాబు మన దగ్గరే వుంది. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో కొన్ని లెక్కలిచ్చారు. విజయనగరం మహారాజు సేకరింపచేసిన లెక్కలవి. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో నమోదైన శుల్క వివాహాలు 1,034. వాళ్ళలో అయిదేళ్ళకే పెళ్ళయిన పిల్లలు 99 మంది. యేడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల ధర 350 నుంచి 400 రూపాయలు. ఇది వీధిలో జరిగిన బేరం కాదు, అగ్రహారంలో, మంత్రాల మధ్య జరిగింది. దీన్ని దురాచారమన్నారు, సంస్కరించాలన్నారు. స్త్రీల వ్యాపారం అని మాత్రం ఏ చట్టమూ అనలేదు. కుటుంబం చేసే అమ్మకాన్ని ఆచారంగానూ, బయటివాడు చేసే అమ్మకాన్ని నేరంగానూ చూసే అలవాటు అప్పట్నుంచీ ఇప్పటిదాకా పోలేదు.

అదే కాలంలో ప్రభుత్వం ఏం చేస్తోంది? 1868లో వలస ప్రభుత్వం మనదేశంలో అంటువ్యాధుల చట్టం తెచ్చింది. సైనికులకి సుఖవ్యాధులు రాకుండా చూడటం దాని ఉద్దేశం. అందుకోసం పరీక్షించింది సైనికుల్ని కాదు, స్త్రీలని. వాళ్ళు పేరు నమోదు చేసుకోవాలి, బలవంతపు శరీర పరీక్షలకి రావాలి, జబ్బు వుందంటే లాక్ హాస్పిటల్లో బందీలుగా వుండాలి. ఇంగ్లండ్‌లోని ఇలాంటి చట్టాల మీద జోసఫిన్ బట్లర్ నాయకత్వంలో స్త్రీలు 1869 నుంచి పోరాడారు. అక్కడ 1886లో, ఇక్కడ 1888లో చట్టాలు రద్దయ్యాయి. 1886లోనే మన దేశంలోని సైన్యాధికారులు ఒక సర్క్యులర్ పంపారు. రెజిమెంటు బజార్లలో తగినంతమంది స్త్రీలు వుండేలా, వాళ్ళు ఆకర్షణీయంగా కూడా వుండేలా చూడమని దాని సారాంశం. అది 1888లో బయటపడి పెద్ద దుమారమైంది. చట్టం రద్దయ్యాక కూడా కంటోన్మెంట్లలో ఇదే పద్ధతి నడుస్తోందని ఇద్దరు అమెరికన్ స్త్రీలు, కేథరిన్ బుష్నెల్, ఎలిజబెత్ ఆండ్రూ స్వయంగా తిరిగి చూసి బయటపెట్టారు. ముందు కాదని బుకాయించిన సైన్యాధిపతి లార్డ్ రాబర్ట్స్ 1893లో క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. తార్పుడు పనిని అంత బాహాటంగా చేసిన ప్రభుత్వానికి, స్త్రీల వ్యాపారాన్ని అరికట్టే పెద్దరికం కూడా దక్కటమే విచిత్రం.

1904లో పారిస్‌లో కుదిరిన మొదటి అంతర్జాతీయ ఒప్పందం పేరే 'తెల్ల బానిసల' వ్యాపారం గురించి. తెల్లవాళ్ళు కాని స్త్రీల అమ్మకం ఆ పేరులోనే లేదు. నానాజాతి సమితి 1921లో గానీ ఆ రంగు మాట తీసేసి 'స్త్రీలు, పిల్లలు' అనలేదు. 1949లో ఐక్యరాజ్య సమితి చేసిన ఒప్పందం మీద భారతదేశం 1950లో సంతకం చేసింది. దాని ఫలితమే 1956 నాటి సీటా. దాన్నే 1986లో సవరించి పేరు మార్చారు. మన పోలీసుల భాషలో అదే 'పీటా కేసు'.

తెలుగునేల మీది కథ ఇంత సూటిగా నడవలేదు. మా ఊరు పెద్దాపురానికి దగ్గర. ఆ పేరు చెబితే చాలు, మగవాళ్ళు ముసిముసిగా నవ్వటం చిన్నప్పట్నుంచీ చూశాను. అక్కడి కళావంతుల ఇళ్ళకి వెళ్ళిన జమీందార్ల ఊళ్ళేవీ ఎవరికీ నవ్వు తెప్పించవు. ఆడవాళ్ళున్న ఊరికే ఆ అవమానం అంటుకుంది.

1921లో గాంధీని కాకినాడలో అరడజను మంది, ఆ యేడే బారిసాల్‌లో వందమందికి పైగా ఇలాంటి స్త్రీలు కలిశారు. ఆయన రాట్నం, మగ్గం చూపించారు. 1925లో, బారిసాల్ స్త్రీలు తమ వృత్తి మానకుండానే సంఘం పెట్టుకుని కాంగ్రెసు పనిలోకి దిగినప్పుడు మాత్రం తీవ్రంగా తప్పుపట్టారు. జాలి పడటానికి సిద్ధంగా వున్న ఉద్యమం, వాళ్ళు సంఘం కావటానికి ఒప్పుకోలేదు.

మద్రాసు శాసనసభలో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి దేవదాసీ వ్యవస్థ మీద పోరాడారు. ఆమె తల్లి ఆ కుటుంబాల నుంచి వచ్చిందే. మరోవైపు, 1910లో ముద్దుపళని కావ్యాన్ని అచ్చు వేయించిన బెంగుళూరు నాగరత్నమ్మ లాంటి వాళ్ళు ఆ నిషేధాన్ని వ్యతిరేకించారు. మమ్మల్ని వేశ్యలతో కలిపెయ్యొద్దు, మా కళనీ ఆస్తినీ లాక్కోవద్దు అన్నది దేవదాసీల సంఘాల వాదన. ఆ వాదనలోనూ ఒక గీత వుంది. తమకంటే కింద వున్న స్త్రీలని ఆ గీత అవతలకి నెడుతుంది.

ఈ గొడవ మధ్యలో 1929లో ముత్తులక్ష్మీ రెడ్డి ప్రయత్నంతో వచ్చిన దేవాదాయ చట్ట సవరణ గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. గుడిలో సేవ చేస్తున్నందుకు దేవదాసీలకున్న ఇనాం భూముల్ని, ఆ సేవ చెయ్యాలన్న షరతు లేకుండా వాళ్ళకే వదిలే యేర్పాటది. ఈ మొత్తం చరిత్రలో స్త్రీ చేతిలో భూమి పెట్టిన చట్టం నాకు ఇదొక్కటే కనిపించింది. మరుసటి యేడు, 1930లో, అదే మద్రాసు ప్రభుత్వం అనైతిక వ్యాపార నిరోధక చట్టం చేసింది. అది భూమి ఊసెత్తలేదు. పోలీసులకి తలుపులు తీసే అధికారమిచ్చింది. యేడాది తేడాతో వచ్చిన ఆ రెండు చట్టాల్లో దేశమంతా తర్వాత అనుసరించింది రెండోదాన్నే. 1947లో మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం అంకితాలనీ, గుళ్ళో నాట్యాన్నీ ఆపింది.

ఇనాం భూమే లేని జోగినులకి 1929 సవరణ వల్ల ఒరిగేదేం లేదు. వాళ్ళలో ఎక్కువమంది దళిత స్త్రీలు. దేవత పేరుతో ఊరి పెత్తందార్లకి అందుబాటులో వుంచబడినవాళ్ళు. నిజామాబాద్ జిల్లాలో హేమలతా లవణం 'చెల్లి నిలయం' పెట్టి వాళ్ళ మధ్య పనిచేశారు. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంకితం చేయటాన్ని నేరం చేసింది. అవసరమైన చట్టమే. కానీ ఎవరి పొలంలో కూలికి పోతుందో వాళ్ళ మీదే ఆ స్త్రీ ఫిర్యాదు చెయ్యాలి. మర్నాడు పొద్దున ఆమెకి కూలి ఎవరిస్తారో చట్టం చెప్పలేదు.

ఇక స్వతంత్ర భారతం. సీటా 1958 మే 1న అమల్లోకి వచ్చింది. ఆ రోజే అలహాబాద్ హైకోర్టులో హుస్నా బాయి అనే ఇరవై నాలుగేళ్ళ స్త్రీ, నేను వేశ్యని అని చెప్పుకుంటూ పిటిషన్ వేసింది. నచ్చిన వృత్తి చేసుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చింది కదా, నా బతుకుతెరువు తీసేసే రాజ్యం సంక్షేమ రాజ్యమెలా అవుతుందని అడిగింది. ఆమె మీద ఇంకా ఏ చర్యా తీసుకోలేదు కాబట్టి పిటిషన్ కొట్టేశారు గానీ, వేశ్యని ఊరు విడిచి వెళ్ళమనే అధికారం మేజిస్ట్రేటుకిచ్చే 20వ సెక్షన్ని జడ్జి తప్పుపట్టారు. 1963లో కాన్పూరు స్త్రీల కేసులో సుప్రీంకోర్టు అదే సెక్షన్ సరైనదేనంది. ఊరి నుంచి వెళ్ళగొడితే ఆమె ఎక్కడికి వెళ్తుంది? రవాణా చేసేవాడు ఎదురుచూసేది ఆ దారిలోనే కదా!

క్లాసులో నా విద్యార్థినులతో పీటాలోని రెండు సెక్షన్లు పక్కపక్కన పెట్టి చదివిస్తాను. ఎనిమిదో సెక్షన్ కింద బహిరంగంగా విటుల్ని పిలిచిన స్త్రీకి ఆరు నెలల దాకా జైలు. అదే పని పురుషుడు చేస్తే వారం నుంచి మూడు నెలలు. పదిహేడో సెక్షన్ కింద, ఏ నేరమూ చెయ్యని, 'రక్షించబడిన' స్త్రీని మేజిస్ట్రేటు రక్షణ గృహంలో వుంచమని ఆదేశిస్తే యేడాదికి తగ్గకుండా మూడేళ్ళ దాకా వుంచవచ్చు. నేరానికి నెలల్లో శిక్ష, రక్షణకి యేళ్ళలో! ఇది చదివాక క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడరు.

ఇంకోలా చెయ్యటం మన చట్టానికి చేతకాకా? రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్నీ వెట్టిచాకిరీనీ ఒకే వాక్యంలో నిషేధించింది. ఆ వాక్యం నుంచి రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి సీటా. రెండోది 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం. ఈ రెండోది అప్పుని రద్దు చేస్తుంది. విముక్తుడైన కూలీని అతనుంటున్న ఇంటి నుంచి ఖాళీ చేయించకూడదంటుంది. అతన్ని గదిలో పెట్టి యేడాది పాటు 'రక్షించ'మని ఎక్కడా చెప్పదు. దాని అమలు ఎంత అన్యాయంగా వుందో ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకి వచ్చే కుటుంబాలు చెబుతాయి. అయినా చూపు తేడా చూడండి. అక్కడ సమస్య అప్పు. ఇక్కడ సమస్య స్త్రీ శరీరం. వేశ్యాగృహంలోని అమ్మాయి మెడకీ అప్పే వుంటుంది. దాన్ని రద్దు చెయ్యాలని పీటాకి తోచలేదు.

1996లో హైదరాబాద్‌లో మెహబూబ్ కీ మెహందీని ఖాళీ చేయించారు. అక్కడి స్త్రీల పిల్లలకి బడి పెట్టటంతో 'ప్రజ్వల' సంస్థ పని మొదలైంది. అదే ప్రాంతంలో కలకత్తా సోనాగచ్చిలోనూ, సాంగ్లీలోనూ సెక్స్ వర్కర్లు సొంత సంఘాలు పెట్టుకున్నారు. స్త్రీవాదులం అప్పట్నుంచీ రెండుగా చీలి మాట్లాడుతున్నాం, వేశ్యావృత్తి హింసా, పనీ అని. పిల్లల్ని అమ్మటం, బలవంతం చెయ్యటం విషయంలో నాకు సందేహం లేదు. ఆ ముఠాల దగ్గర్నుంచి పిల్లల్ని బయటికి తీసుకురావలసిందే. దానికోసం ప్రాణాలకి తెగించి పనిచేసేవాళ్ళంటే గౌరవమే. కానీ వయోజనురాలైన స్త్రీ నేను వెళ్ళిపోతాను అంటున్నా గేటు తియ్యకపోతే, ఆ ఇంటికీ ఆమెని అమ్మిన ఇంటికీ మధ్య తేడా చెప్పవలసిన బాధ్యత మనదే.

కదలికని ఆపటమే రక్షణ అనుకునే ధోరణి వేశ్యల దగ్గరే ఆగలేదు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళే స్త్రీలకి ముప్ఫై యేళ్ళు నిండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. మగ కూలీకి ఆ నిబంధన లేదు. దానివల్ల వయసు తక్కువున్నవాళ్ళు వెళ్ళటం ఆగలేదు. ఏజెంటుని నమ్ముకుని విజిట్ వీసా మీద, ఏ రికార్డులోనూ లేకుండా వెళ్ళారు. యజమాని పాస్‌పోర్టు లాక్కుంటే ఫిర్యాదు చేసే దారి కూడా లేకుండా పోయింది.

2013లో శిక్షాస్మృతి 370వ సెక్షన్ని మార్చి, ట్రాఫికింగ్ అంటే వ్యభిచారం ఒక్కటే కాదని, బానిసత్వం, దాస్యం కూడానని స్పష్టం చేశారు. 2024 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్. 2022 మే 19న సుప్రీంకోర్టు, రక్షణ గృహాల్లో ఇష్టానికి విరుద్ధంగా వున్న వయోజన స్త్రీలెందరో సర్వే చేసి, గడువు పెట్టి విడుదల చెయ్యమని రాష్ట్రాలకి చెప్పింది. హుస్నా బాయి కోర్టు మెట్లెక్కిన అరవై నాలుగేళ్ళకి! పదిహేడో సెక్షన్ మాత్రం చట్టంలో అలాగే వుంది.

2018లో లోక్‌సభ ట్రాఫికింగ్ మీద కొత్త బిల్లు ఆమోదించింది, 2019లో అది మురిగిపోయింది. మళ్ళీ ఏదో ఒక రూపంలో వస్తుంది. అప్పుడు మనం చెయ్యవలసిన చిన్న పని ఒకటుంది. ఆ బిల్లు పేజీల్లో 'హోం' అనే మాట ఎన్నిసార్లుందో, 'కూలి', 'అప్పు', 'భూమి', 'ఇల్లు' అనే మాటలు ఎన్నిసార్లున్నాయో లెక్కపెడదాం. ఎవరి కోసం రాశారో ఆ లెక్కే చెబుతుంది.