‘ఆ కారణముచేత మాత్రమే’

ఆంగ్లేయులు వ్యవహారపత్రములయందు కారణమును జెప్పుటకు ‘బై రీజన్ ఆఫ్’, ‘ఆన్ గ్రౌండ్స్ ఆఫ్’ అను పలుకుబళ్లను వాడుదురు. ‘గ్రౌండు’ అనగా నేల. వాదము నిలుచుటకు అడుగున నుండు ఆధారమని తాత్పర్యము. మనకు ‘ఈ కారణముచేత’ అన్న ఒక్క మాటయే రెంటికిని చాలును. వీనియందు ‘ఓన్లీ’ యను చిన్నమాట చేరినచో అర్థమెంత మాఱునో మనదేశపు శాసనచరిత్రమే తెల్పుచున్నది.

మతము, జన్మస్థానము, వంశము, దేహచ్ఛాయ అనువాని కారణమున మాత్రమే స్వదేశీయుడెవడును కుంపిణీ కొలువునకు అనర్హుడు గాడని 1833వ సంవత్సరపు చార్టరు చట్టము 87వ ప్రకరణమున జెప్పబడెను. దాదాభాయి నౌరోజీ మొదలగు పెద్దలు ఈ వాగ్దానమును దొరలకు పలుమాఱు జ్ఞప్తికి దెచ్చిరి. కాని ‘మాత్రమే’ యనినచో వేఱొక కారణము చూపిన చాలునుగదా! మొదట డైరెక్టర్ల సిఫారసు కావలెననిరి. 1855 నుండి పరీక్ష పెట్టిరి. అది లండనులో జరుగును, సముద్రము దాటవలెను. 1870 తరువాత వయఃపరిమితిని 21 ఏండ్లనుండి 19కి దింపిరి. వీనిలో దేనియందును దేహచ్ఛాయ ప్రసక్తి లేదు. 1863లో సత్యేంద్రనాథ ఠాకూరు ఎన్నికగువరకు, ముప్పదియేండ్లు, ఆ సివిలు సర్వీసులో భారతీయుడొక్కడును చేరలేదు. పరీక్ష మనదేశమున జరుగుట 1922లోగాని ఆరంభము కాలేదు. అబద్ధమాడకయే మాట తప్పుట యన నిదియే.

1850వ సంవత్సరపు 21వ చట్టము దీనికి భిన్నము. మతము విడిచినందునగాని, కులమునుండి వెలివడినందునగాని ఎవరికిని ఆస్తిహక్కు పోరాదని అది శాసించెను. అందు ‘ఓన్లీ’ లేదు. 1881లో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున వితంతువివాహములు జరిపి వెలికి గుఱియైన నాడును ఆ రక్షణ యుండెను. బావినీళ్లు, విందుపంక్తి, పురోహితుడు, వీనిని ఏ చట్టమును ఇప్పింపలేకపోయెననుట వేఱుమాట.

1935 చట్టము 298వ ప్రకరణమున ఆ ‘ఓన్లీ’ మరల వచ్చినది. రాజ్యాంగమును 15, 29 అధికరణములలో దానినే స్వీకరించెను. 1951లో మదరాసు ప్రభుత్వమునకును చంపకం దొరైరాజనునకును నడిచిన వ్యాజ్యమున ఆ మాటపైననే వాదము జరిగెను. కళాశాలలలో ప్రతి 14 స్థానములను కులమతముల ప్రకారము పంచిన ఉత్తర్వును గూర్చిన వివాదమది. బ్రాహ్మణులైనందున మాత్రమే ప్రవేశము నిరాకరింపలేదనియు, బ్రాహ్మణులకు గల 2 స్థానములును అధికయోగ్యులతో నిండుటయు కారణమే యనియు ప్రభుత్వపక్షమువారు వాదించిరి. తక్కిన స్థానములు దక్కకుండుటకు కులము తప్ప వేఱు హేతువు లేదని సర్వోన్నత న్యాయస్థానము ఉత్తర్వును కొట్టివేసెను.

వెనుకబడినవారికి చేయూత కావలసినచో ‘ఓన్లీ’ చాటున వెదకుట కంటె బాహాటముగా శాసించుటయే న్యాయమని మా అభిప్రాయము. పార్లమెంటు ఆ యేడే 15వ అధికరణమునకు నాలుగవ ఖండమును జేర్చి ఆ పని చేసినది. పాతవాక్యములోని ‘ఓన్లీ’ని మాత్రము కదల్పలేదు.