కాలిబంతి బయలు – చూపరుల చోటు



నేను మండపేట ప్రాంతమున ముప్పదేండ్లకు పైగా తెలుగు పండితుడనుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడను. కాలిబంతిని గూర్చి పండితునకేమి తెలియునని మీరు నవ్వవచ్చును. ఆటను గూర్చి నాకు తెలిసినది స్వల్పమే. ఆట చూడవచ్చినవాని కాలిక్రింది నేలను గూర్చి మాత్రము చెప్పవలసిన మాట యొకటి కలదు. అది నా తప్పిదము వలన నేర్చినది.

ఒకనాడు మా పాఠశాల ఆవరణమున పొరుగూరివారితో పందెము జరిగెను. ముందటి రాత్రి వాన కురిసి నేల బురదయై యుండెను. వెనుక నిలిచిన పిల్లలు తమకు కనబడుట లేదని మొఱపెట్టగా, తరగతులలోని బల్లలు తెచ్చి వేసికొనుడని నేనే యనుజ్ఞ యిచ్చితిని. బల్లకు పదిమంది చొప్పున ఎక్కిరి. మొదటి గోలు పడగానే అందఱు నొక్కసారి యెగిరిరి. ఒక బల్లకోడు బురదలో దిగబడి బల్ల యొరిగెను. ఒక బాలుని మోచేయి విఱిగెను. ఆ బాలుడు గాని, వాని తల్లి గాని నన్నొక్క మాటయు ననలేదు. ఆ మౌనమే నన్ను పుస్తకములవైపు మరలించెను.

చూపరులకు చోటు కల్పించుట మనకు క్రొత్త విద్య కాదు. భరతముని నాట్యశాస్త్రమున రెండవ యధ్యాయము ప్రేక్షాగృహమును గూర్చినది. ప్రేక్షకుల యాసనములు ఇటుకతోను కొయ్యతోను మెట్లవలె కట్టవలెననియు, నేలనుండి హస్తప్రమాణము ఎత్తుండవలెననియు, రంగము కనబడునట్లు వాని నమర్చవలెననియు అందు చెప్పబడినది. క్రీస్తుశకము 3వ శతాబ్దమున ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురిలో, అనగా నాగార్జునకొండ లోయలో, మెట్లవరుసలు గల క్రీడారంగ ముండెను. 1954–60 నడుమ జరిగిన త్రవ్వకములలో అది బయటపడెను. లోయ సాగరజలములలో మునుగుటచే దానిని అనుపున తిరిగి నిలిపిరి. వెళ్లినవారు నేడును చూడవచ్చును.

కాలిబంతి దొరలతో మన దేశమునకు వచ్చెను. మెట్లు మాత్రము దానివెంట ఊరూరికి రాలేదు. 1911 జూలై 29న కలకత్తాలో మోహన్ బాగాన్ జట్టు, ఒక్కడు తప్ప అందఱు వట్టికాళ్లతో ఆడి, ఈస్టు యార్కుషైరు పటాలమును 2–1 గోల్సుతో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలిచెను. అంతటి దినమున వేలకొలది జనులు చెట్లెక్కి చూచిరి. వెనుకనున్నవారికి గోల్సు లెక్క తెలుపుటకు గాలిపటము లెగురవేసిరని ప్రసిద్ధి.

దొరల దేశమందును మెట్లు ప్రాణముల వెలకే కుదిరినవి. 1902 ఏప్రిల్ 5న గ్లాస్గో నగరమున, ఐబ్రాక్సు బయలులో స్కాట్లండు, ఇంగ్లండు జట్లు ఆడుచుండగా, క్రొత్తగా కట్టిన కొయ్యమెట్లు విఱిగి జనులు దాదాపు 40 అడుగుల లోతునకు పడిరి. 25 మంది మరణించిరి. అటుపిమ్మట అచ్చటివారు ఎత్తైన కొయ్యకట్టడములు మాని మట్టికట్టలను, కాంక్రీటును ఆశ్రయించిరి. అయినను కట్టడ మొక్కటియే చాలదు. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్సులో కాంక్రీటు మెట్లపైననే ఇరుపక్షములవారు కలిసి కూర్చుండి కలహింపగా, త్రొక్కిసలాటలో 16 మంది మరణించిరి. 2022 మార్చిలో కేరళమున మలప్పురము జిల్లాలో, ఆటకై వేసిన తాత్కాలికపు గ్యాలరీ కూలి అనేకులు గాయపడిరి. మా బల్ల యొరుగుటకును ఆ గ్యాలరీ కూలుటకును భేదము పరిమాణమందే.

పెద్దలారా, ఐబ్రాక్సు నేర్పిన పాఠము మన చేతిలోనే యున్నది. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి గట్టు పోయుటయు దిమ్మిస కొట్టుటయు గోదావరి రైతుకు ఒకరు నేర్పవలసిన పని కాదు. వేసవిలో కాలువలు కట్టినప్పుడు తీయు పూడికలో గట్టిపడు మట్టిని, అధికారుల యనుమతితో తెచ్చి, ఆటబయలునకు ఒక ప్రక్క మూరెడెత్తున నాలుగు మెట్లు పోయుడు. భరతుని హస్తము మన మూరయే. వాన నీరు పోవుటకు వెనుక బోదె త్రవ్వుడు. మెట్లపై గడ్డి పెంచుడు. ఆటగీతకు దూరముగా త్రాడు కట్టుడు. జనులు వెలికిపోవుటకు రెండు దారులు విడిచి, వానికి అడ్డముగా బండ్లు నిలుపనీయకుడు. ముందు వరుస వృద్ధులకు విడువుడు. స్త్రీలకు మరుగుదొడ్డియు, అందఱకు త్రాగునీరును లేనిచో, సగము ఊరు ఇంటనే యుండిపోవును.

నాడు చేయి విఱిగిన బాలుడు నేడొక తండ్రి. వాని మోచేయి ఇప్పటికిని నిండుగా చాపరాదు. తన కొడుకు ఆట చూడవచ్చినప్పుడు వాడు బురదలో నిలిచియే చూచుచున్నాడు. నేను వానిప్రక్కన నిలుచుచున్నాను. రానున్న వేసవిలో మీరు మట్టి పోయ మొదలిడినచో, మొదటి తట్ట మోయుటకు నాకు కబురంపుడు.