వ్లాష్‌స్కా వీధిలో ఆ సెప్టెంబరు

ప్రాగ్ చూడటానికి మా ఇంటికొచ్చిన చుట్టాలను కోట, చార్లెస్ వంతెన తిప్పాక, మాలా స్త్రానా పేటలోని వ్లాష్‌స్కా వీధికి కూడా తీసుకెళ్తాను. అక్కడి లోబ్కోవిట్స్ ప్యాలెస్‌లో జర్మనీ రాయబార కార్యాలయం ఉంది. 1989లో అది పశ్చిమ జర్మనీది.

ఆ ఏడాది తూర్పు జర్మనీ జనం కమ్యూనిస్టు పాలన నుంచి బయటపడే దారులు వెతుక్కుంటున్నారు. చెకోస్లోవేకియాకు రావడానికి వాళ్లకు వీసా అక్కర్లేదు. పశ్చిమ జర్మనీ చట్టం దృష్టిలో వాళ్లూ జర్మన్ పౌరులే. అందుకే ఈ ఆవరణలో కాలు పెడితే చాలనుకున్నారు. ముందు వైపు పోలీసులు అడ్డుపడితే వెనక తోట ఇనుప కంచె ఎక్కారు. పిల్లల్ని ముందు అవతలికి అందించి, తర్వాత తాము దూకారు. ఎన్నో ఏళ్లు ఎదురుచూసి కొనుక్కున్న ట్రబాంట్ కార్లను మా వీధుల్లోనే వదిలేశారు. సెప్టెంబరు చివరికి లోపల దాదాపు 4,000 మంది. తోటంతా గుడారాలు, బురద. చోటు చాలక మెట్ల మీద కూడా పడుకున్నారు.

సెప్టెంబరు 30 సాయంత్రం పశ్చిమ జర్మనీ విదేశాంగ మంత్రి గెన్షర్ రాయబార కార్యాలయం బాల్కనీలోకి వచ్చారు. మీరు వెళ్లవచ్చని ఆయన చెబుతుండగానే, వాక్యం పూర్తికాకముందే, తోట కేకలతో మారుమోగింది. ఆయనా 1952లో తూర్పు జర్మనీ విడిచి వచ్చినవారే.

అందరూ ఆ బాల్కనీనే తలుచుకుంటారు. నాకు మాత్రం ఆ రాత్రి రైళ్లే పెద్ద విషయం. తామే పంపించేశామని చెప్పుకోవాలని తూర్పు జర్మనీ ప్రభుత్వం ఒక షరతు పెట్టింది: రైళ్లు తన నేల మీదుగా, డ్రెస్డెన్ దాటి, బవేరియాలోని హోఫ్‌కు వెళ్లాలి. కట్టుబట్టలతో ఏ దేశం నుంచి పారిపోయి వచ్చారో మళ్లీ ఆ దేశం గుండానే పోవాలి! దారిలో దించేస్తే? జైల్లో పెడితే? పశ్చిమ జర్మనీ అధికారులు వెంట ఉన్నా ఆ భయం పోయేది కాదు. దారిలో తూర్పు జర్మనీ అధికారులు ఎక్కి గుర్తింపు కార్డులు తీసుకున్నారు. పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ఆ రైలెక్కిన తల్లుల ధైర్యం ముందు ఏ ఉపన్యాసమూ నిలవదు.

కొత్తగా వచ్చినవాళ్లతో తోట మళ్లీ నిండింది. అక్టోబరు 3న తూర్పు జర్మనీ చెకోస్లోవేకియాతో తన సరిహద్దు మూసేసింది. రెండో విడత రైళ్లు వస్తున్నాయని తెలిసి డ్రెస్డెన్ స్టేషన్‌కు వేలమంది చేరారు, పోలీసులతో తలపడ్డారు. నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. నవంబరు 17న మా ప్రాగ్ విద్యార్థులు ఇక్కడి కమ్యూనిస్టు పాలనకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు. ఆ కంచె దగ్గర జరిగిందంతా కళ్లారా చూసిన నగరం కాబట్టే వాళ్ల వెనక అంత త్వరగా కదిలిందని నా నమ్మకం.