కొలిచి తీసిన మాయ

తాడిపత్రిలో 1912లో జన్మించిన కదిరి వెంకటరెడ్డి, దర్శకుడు కాకముందు వాహినీ వారి నిర్మాణ వ్యవహారాలు చూసేవారు. ఫిలిం ఖరీదు ఆయనకు బాగా తెలుసు. 1943లో ‘భక్త పోతన’తో దర్శకుడయ్యాక కూడా ఆ లెక్క మరువలేదు, చిత్రీకరణకు ముందే ప్రతి సన్నివేశం నిడివినీ గడియారం పెట్టి కొలిచేవారు. ‘మాయాబజార్’ (1957)లో శశిరేఖ రూపంలోని ఘటోత్కచుడిగా సావిత్రి పండించిన హాస్యం వెనుక ఉన్నది ఈ క్రమశిక్షణే. అయితే అంతటి సన్నాహానికి తీరికనూ, పింగళి, మార్కస్ బార్ట్‌లే వంటి తోడునూ సమకూర్చింది విజయా సంస్థ. ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’ (1968) పరాజయం తర్వాత ఆ నీడ తొలగింది. మాయాబజార్‌లో తనను కృష్ణుడిగా నిలబెట్టిన గురువుచేత ఎన్.టి.ఆర్. ‘శ్రీకృష్ణ సత్య’ (1971) తీయించారు. మరుసటి ఏడే కె.వి. రెడ్డి కన్నుమూశారు. స్టూడియో దర్శకుడి చేతులు కట్టేస్తుందంటారు; ఆయనకు మాత్రం ఆ చేతులిచ్చింది స్టూడియోయే.