చెవియు కొలతయు

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన 1945లో లండను నగరమున హెరాల్డ్ లీక్ 'పాయింట్ వన్' అను యాంప్లిఫయరును అంగళ్లకు దెచ్చెను. మూలధ్వనికి యంత్రము తనంతట చేర్చు వికృతి నూటికి 0.1 వంతు మాత్రమేయని ఆ పేరే చాటుచుండెను. 1947లో విలియంసన్ అను ఇంజనీరు అంతటి స్వచ్ఛతగల 15 వాట్ల యాంప్లిఫయరు నిర్మాణక్రమమును 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ప్రకటింపగా, ఔత్సాహికులనేకులు ఇంటనే దానిని కూర్చుకొనిరి. విక్రేత వాక్చాతుర్యమునకు లొంగని సంఖ్య యొకటి లభించుట శ్రోతలకు మహోపకారమని నేను దృఢముగా నమ్ముదును.

అయినను వాల్వుల స్థానమును ట్రాన్సిస్టర్లు ఆక్రమించిన 1960వ దశకమున, కాగితముపై నిర్దుష్టములుగా గానవచ్చిన యంత్రములు కొన్ని వినుటకు కర్కశముగా నున్నవని శ్రోతలు మొరవెట్టిరి. అందు ధ్వనితరంగపు పై సగమును ఒక ట్రాన్సిస్టరు, క్రింది సగమును మరియొకటి మోయును. పల్లకీ బోయీలు భుజము మార్చుకొను క్షణమున పల్లకి కదలినట్లు, తరంగము శూన్యమును దాటుచోట చిన్న యొడుదుడుకు కలుగును. ఉచ్చధ్వనిలో నది యణగిపోవును. పియానో స్వరము క్షీణించుచు నిశ్శబ్దమున లీనమగు వేళ, మిగిలిన నాదముతో పోల్చినపుడు అదియే పెద్దదగును. పూర్ణశక్తియొద్ద మాత్రమే కొలిచి ప్రకటించిన యంకెకు ఈ దోషము చిక్కలేదు, చెవికి చిక్కినది.

అట్లని చెవిని నిరంకుశముగా విడువరాదు. కెనడా జాతీయ పరిశోధనామండలికి చెందిన ఫ్లాయిడ్ టూల్, ఒటావాలో లౌడ్‌స్పీకర్లను తెరచాటున నుంచి వినిపింపగా, శ్రోతల యభిరుచులు చాలవరకు ఏకీభవించెను; ఎదుటను పార్శ్వములను సమముగా, నునుపుగా పలుకు పెట్టెలనే వారు మెచ్చిరి. ఆ సమత్వము కొలతకును అందునదే! తరువాత 1994లో ఆయనయు షాన్ ఆలివ్ అను పరిశోధకుడును హార్మన్ సంస్థ ఉద్యోగులు నలువదిమందిచేత ఇదే పరీక్ష తెరతోను, తెర లేకయు చేయించిరి. తెరచాటున మంచి మార్కులు పొందిన చౌకయైన చిన్న స్పీకర్ల కూర్పు, కంటబడినంతనే వెనుకబడెను. భారీ పెట్టెలు ముందుకు వచ్చెను. స్పీకర్లు తయారుచేయు సంస్థవారి తీర్పే యిట్లు తారుమారగుట నన్ను కలవరపెట్టినది.

మంద్రస్వరముల మాట వేరు. సుమారు 300 హెర్ట్జులకు దిగువ స్పీకరుకంటె గదిదే పెత్తనము. కర్మాగారమున కొలిచి పంపిన రేఖ అచట చాలదు గనుక, కొనినవాడు పెట్టెను మూలనుండి అడుగు, రెండడుగులు ఇవతలకు జరుపుచు, కూర్చుండుచోటనుండియే మరల మరల వినవలసియున్నది.